బడిపంతులు కట్టిన బంగారు జట్టు
(సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం)



వార్షికోత్సవ సంచిక అనగానే మనం ఒక మహనీయుని జీవితం రాసుకుంటాం. అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, కొమురం భీం గురించి మీరు పాఠాల్లో చదివారు, ఉపన్యాస పోటీల్లో మాట్లాడారు. ఈసారి నేను ఆటస్థలం నుంచి ఒక మనిషిని మీకు పరిచయం చేయాలనుకుంటున్నాను. ఆయన రాజకీయ నాయకుడు కాదు, కవి కాదు. చాలాకాలం ఆయన ఉద్యోగం ఒక్కటే, బడిలో పాఠం చెప్పడం, పిల్లల చేత వ్యాయామం చేయించడం. ఆ పంతులే 2 సార్లు మన దేశానికి ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చిపెట్టిన జట్లను తయారు చేశాడు. ఆయనే హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ గౌరవంగా రహీం సాబ్ అని పిలిచేవారు.

ఆటలాడితే అన్నం పెడుతుందా అని మనల్ని ఇంట్లోనూ అడుగుతారు, బయటా అడుగుతారు. ఆ ప్రశ్న తప్పు కాదు. కూలికి పోయి చదివించే తల్లిదండ్రులకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. రహీం సాబ్ జీవితం ఆ ప్రశ్నకు ఒక జవాబు చెబుతుంది. అది మనం అనుకున్నంత తీపి జవాబు కాదు, అలాగని నిరాశపరిచేదీ కాదు. అందుకే ఈ జీవితం మనకు తెలియాలి.

బాల్యం, చదువు, కొలువు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి మన ప్రాంతమంతా నిజాం పాలనలో ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడ చదువు ఇంగ్లీషులో కాకుండా ఉర్దూలో చెప్పేవారు. దేశంలో ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పిన తొలి విశ్వవిద్యాలయం అదే. రహీం అక్కడే బి.ఎ. చదివారు, విశ్వవిద్యాలయం జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తెలుగు మీడియంలో చదివాం, మనకేం వస్తుందిలే అని దిగులు పడే తమ్ముళ్లు ఈ ముక్కను గుర్తుంచుకోవాలి. యూరప్ జట్లు ఆడే పద్ధతిని చదివి, అర్థం చేసుకుని, మన కుర్రాళ్లకు నేర్పిన మనిషి ఉర్దూలో చదువుకున్నవాడే.

చదువయ్యాక ఆయన ఉపాధ్యాయుడయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బడుల్లో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లలకు వ్యాయామం నేర్పారు. సాయంత్రం కాగానే క్లబ్బు తరఫున ఆడేవారు. ఆటగాడిగా ఆయన పేరు దేశమంతా మారుమోగలేదు. కానీ ఆటను చూసే కన్ను ఆయనకు ఉండేది. మైదానంలో ఎవరు ఎటు పరిగెత్తితే ఎక్కడ ఖాళీ ఏర్పడుతుంది, అలసిపోయినప్పుడు మనిషి ఏ తప్పు చేస్తాడు అన్నది ఆయన లెక్కల పాఠంలా చూసేవారు. క్రమంగా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత కూడా ఆయన మీద పడింది.

లేమిలోంచి పుట్టిన పద్ధతి

ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే బ్రిటిష్ సైనిక పటాలాల జట్లు, కలకత్తా క్లబ్బులు. పటాలాల వాళ్లు పొడవైనవాళ్లు, బలమైనవాళ్లు, మంచి తిండి తినేవాళ్లు. హైదరాబాద్ బస్తీల్లో ఆడే కుర్రాళ్లు పొట్టివాళ్లు, బక్కవాళ్లు. చాలామందికి బూట్లు లేవు. భుజానికి భుజం తగిలిస్తే మనవాళ్లే పడిపోతారు. మరి ఎలా గెలవాలి?

రహీం జవాబు చాలా తేలికైనది. ఎదుటివాడు మన మీదికి వచ్చేలోపు బంతి మన దగ్గర ఉండకూడదు. వచ్చిన బంతిని వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి, ఇచ్చినవాడు నిలబడకుండా ఖాళీలోకి పరిగెత్తాలి. బలం చాలనప్పుడు వేగంతో, వేగం చాలనప్పుడు ఒకరికొకరు అందించుకోవడంతో గెలవాలి. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. కావలసింది దమ్ము, క్రమశిక్షణ, ఒకరి మీద ఒకరికి నమ్మకం. అందుకే ఆయన శిక్షణలో పరుగుకు, దమ్ముకు పెద్దపీట ఉండేది.

ఆ పద్ధతి అలవాటు చేయడానికి ఆయన విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. అంటే బంతిని తన కాళ్ల దగ్గరే పెట్టుకుని ఒక్కడే అందరినీ తప్పించుకుంటూ పోకూడదు, తప్పనిసరిగా పాస్ ఇవ్వాలి. ఇంకో పోటీలో బలం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. మరో పోటీ పొట్టి కుర్రాళ్లకు మాత్రమే. పొడుగువాళ్ల మధ్య ఎప్పుడూ బంతి అందని పిల్లవాడికి అక్కడ బంతి అందేది, వాడిలో ఉన్న ఆట బయటపడేది. ఇది పక్కా బడిపంతులు ఆలోచన. తరగతిలో వెనక బెంచీ వాడికి కూడా పాఠం అందాలని చూసే మాస్టారుకే ఇలాంటి ఆలోచన వస్తుంది.

సిటీ పోలీస్ జైత్రయాత్ర

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. చనిపోయేదాకా, అంటే 1963 వరకు ఆ జట్టు ఆయన చేతిలోనే ఉంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఆ కాలంలో దేశంలో పెద్ద పోటీల్లో ఒకటి. దాన్ని హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ తర్వాత కూడా ఈ రెండు కప్పులూ పలుమార్లు హైదరాబాద్ చేరాయి. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57లోనూ, 1957-58లోనూ గెలిచింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పోలీసు జట్టులో ఆడటమంటే పోలీసు కొలువు దొరకడం. బస్తీ కుర్రాడికి నెల జీతం, ఇంటికి ఒక ధైర్యం. ఆట అన్నం పెడుతుందా అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో హైదరాబాద్ ఇచ్చిన జవాబు ఇదే. కోట్లు రాలేదు, కార్లు రాలేదు. కానీ ఒక ఇంట్లో పొయ్యి వెలిగింది. అంతవరకు ఆ జవాబు నిజం.

అమ్ముగూడ కుర్రాడు, అద్దె సైకిలు

రహీం గొప్పతనం కప్పుల లెక్కలో కంటే తులసీదాస్ బలరాం కథలో బాగా తెలుస్తుంది. బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. చిన్న చిన్న మైదానాల్లో ఆడుకుంటూ తిరిగే ఆ కుర్రాడిని రహీం చూశారు. హైదరాబాద్ జట్టు శిక్షణకు రమ్మన్నారు. కుర్రాడికి రావాలనే ఉంది, కానీ రోజూ అంత దూరం రావడానికి చేతిలో డబ్బు లేదు. చాలామంది అయితే అక్కడితో అయ్యో పాపం అని ఊరుకుంటారు. రహీం సైకిలు అద్దెకు తీసుకోమని డబ్బులిచ్చారు. అంతే, బలరాం రోజూ సైకిలు తొక్కుకుంటూ శిక్షణకు వచ్చాడు.

ఆ సైకిలు అతన్ని ఎక్కడిదాకా తీసుకుపోయిందో చూడండి. 20 ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు. 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం, అదే ఏడాది అర్జున అవార్డు. చున్నీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురూ కలిసి భారత ఫుట్‌బాల్‌లో ఎప్పటికీ చెప్పుకునే ఫార్వర్డ్ త్రయం అయ్యారు. బలరాం ఆరోగ్యం చెడి 1963లోనే ఆట మానేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశాడు.

ప్రతిభ ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉంటుంది. అమ్ముగూడలో పుట్టినట్టే కల్లూరులోనూ పుడుతుంది, భద్రాచలం అడవి అంచున ఉన్న గూడేల్లోనూ పుడుతుంది. దాన్ని చూసే కన్ను ఉండాలి, చూశాక జేబులో చెయ్యి పెట్టే మనసు ఉండాలి. అద్దె సైకిలు డబ్బులు ఎంత? చాలా తక్కువ. కానీ ఆ తక్కువ డబ్బు లేకపోతే ఒక ఒలింపిక్ ఆటగాడు అమ్ముగూడలోనే ఆగిపోయేవాడు.

ఢిల్లీ నుంచి హెల్సింకి దాకా

హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరులో. ఆ తర్వాత మూడేళ్లు తిరగకముందే, 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలకు భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా ఈ హైదరాబాద్ పంతులు నిలబడ్డారు. ఫైనల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించింది. ఆ గోలు కొట్టింది సాహు మేవాలాల్. ఆసియా క్రీడల చరిత్రలో ఫుట్‌బాల్ మొదటి బంగారు పతకం మనదే.

మరుసటి ఏడాది దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడిపోయింది. ఫిన్లాండ్ చలిలో, మనకు అలవాటు లేని నేల మీద, మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. అహ్మద్ ఖాన్ కొట్టిన ఒక్క గోలే మనకు దక్కింది. దేశం తలదించుకుంది.

10 గోల్స్ తిన్న జట్టు కోచ్ ఏం చేయాలి? మన పిల్లలకు బూట్లు లేవు, మేం పేదవాళ్లం, అందుకే ఓడిపోయాం అని చెప్పి ఊరుకోవచ్చు. అందులో అబద్ధం కూడా లేదు. కానీ నిజమైన కారణం చెప్పుకోవడం వేరు, ఆ కారణం దగ్గరే కూర్చుండిపోవడం వేరు. ఆ ఓటమి తర్వాత మన దేశంలో బూట్లు వేసుకుని ఆడటం తప్పనిసరి చేశారు. రహీం తన పద్ధతిని కూడా మార్చుకున్నారు. అప్పటిదాకా ముందు వరసలో 5 మంది ఫార్వర్డులు నిలబడే పాత పద్ధతి నడిచేది. 1953లో హంగేరీ జట్టు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. హంగేరీ వాళ్లు నడిమి ఫార్వర్డును కాస్త వెనక్కి జరిపి ఆడారు. అతన్ని ఎవరు కాపు కాయాలో ఎదుటివాళ్లకు అర్థం కాలేదు. రహీం ఆ ఎత్తును మన కుర్రాళ్ల ఒడ్డూ పొడుగుకు తగ్గట్టు మలిచి నేర్పారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు అనే అమరిక వైపు జట్టును నడిపించారు. 1958లో బ్రెజిల్ ఇలాంటి అమరికతోనే ప్రపంచ కప్ గెలిచింది. ప్రపంచం అటు కదులుతున్న కాలంలోనే మన హైదరాబాద్ పంతులు కూడా అదే దారిలో ఉన్నారన్నమాట.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ కష్టానికి ఫలితం కనిపించింది. డిసెంబరు 1న మన జట్టు ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియా ఆటగాడయ్యాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే.

సెమీ ఫైనల్లో ఎదురుగా ఎవరు? అదే యుగోస్లావియా! ఈసారి మొదటి గోలు కొట్టింది మనవాళ్లే. చివరికి 4-1 తేడాతో ఓడిపోయినా, నాలుగేళ్ల కింద 10 గోల్స్ కొట్టినవాళ్లను కాసేపు వెనకబడేలా చేశారు. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగి వచ్చారు. పతకం రాలేదు కానీ, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మన దేశానికి అదే అత్యుత్తమ స్థానం. ఆ జట్టులో హైదరాబాద్ వాళ్లు చాలామంది ఉన్నారు. బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ లాంటివాళ్లు ఆ రోజుల్లో మన నగరం పేరు నిలబెట్టారు. హైదరాబాద్‌లో పుట్టి సైనిక జట్లకు ఆడిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా ఆ జట్టులో సభ్యుడే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద 2-1తో, పెరూ మీద 3-1తో ఓడినా, ఫ్రాన్స్‌ను 1-1 దగ్గర నిలువరించారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఆడటం అదే చివరిసారి. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా రోమ్ వెళ్లిన జట్టులో ఉన్నారు. ఆయన తర్వాత అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకుని 2021లో కన్నుమూశారు.

జకార్తా, 1962

ఇక రహీం జీవితంలో చివరి ఘట్టం. 1962 ఆసియా క్రీడలు ఇండోనేసియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం శరీరంలో క్యాన్సర్ ఉంది.

మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయింది. రెండో ఆటలో థాయిలాండ్‌ను 4-1తో గెలిచారు. కానీ ఆ ఆటలో వెనక గోడలా నిలిచే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది, కుట్లు పడ్డాయి. తర్వాత జపాన్‌ను 2-0తో ఓడించి సెమీ ఫైనల్ చేరారు. తలకు కుట్లున్నవాణ్ణి వెనక ఆడిస్తే, ఎదుటివాళ్లు ఎగిరి కొట్టే బంతులను తలతో ఆపడం కష్టం. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, వెనక్కి బదులు ముందుకు పంపారు. డిఫెండర్‌ను సెంటర్ ఫార్వర్డ్ చేశారు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద మనం 3-2తో గెలిచాం. చున్నీ గోస్వామి 2 గోల్స్, ముందుకు పంపిన జర్నైల్ సింగ్ ఒక గోలు.

ఫైనల్ సెప్టెంబరు 4న. అప్పటికి జకార్తాలో మన దేశం మీద జనం కోపంగా ఉన్నారు. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేసియా రానివ్వలేదు. అది తప్పని, వీటిని ఆసియా క్రీడలు అనకూడదని మన దేశానికి చెందిన ఒలింపిక్ కమిటీ సభ్యుడు గురుదత్ సోంధీ పట్టుబట్టారు. దాంతో ఊరంతా గొడవ. మన రాయబార కార్యాలయం మీద కూడా దాడి జరిగింది. ఫైనల్ రోజు స్టేడియంలో దాదాపు లక్ష మంది జనం. మన జాతీయ గీతం వినిపిస్తుంటే కూడా ఎగతాళి కేకలు ఆగలేదు. ఆటగాళ్లకు గోడవతలి రాజకీయంతో సంబంధం లేదు. అయినా ఆ కేకలు మోయాల్సింది వాళ్లే.

ఎదురుగా ఉన్నది మొదటి ఆటలో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే. జ్వరంతో సెమీ ఫైనల్ ఆడలేకపోయిన తంగరాజ్ ఫైనల్‌కు మళ్లీ గోల్ దగ్గర నిలబడ్డాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. 20వ నిమిషంలో తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ రెండో గోలు కొట్టాడు. చివర్లో కొరియా ఒక గోలు చేసినా, 2-1తో బంగారు పతకం మన దేశానికి దక్కింది. మైదానంలో ఆ రోజు హైదరాబాద్ నుంచి బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ ఉన్నారు. అంటే 11 మందిలో ముగ్గురు మన నగరం పిల్లలే.

మొదటి ఆటలో ఓడిపోయిన జట్టే, 12 రోజుల క్రీడలు ముగిసేలోపు అదే ప్రత్యర్థిని ఫైనల్లో ఓడించింది. ఆ కొద్ది రోజుల్లో ఎవరి కాళ్లూ పొడవు పెరగలేదు, ఎవరి బలమూ రెట్టింపు కాలేదు. ఎవరు ఎక్కడ నిలబడాలో మారింది, అంతే. పంతులు పని అదే కదా. పిల్లవాణ్ణి మార్చడం కాదు, వాడు ఎక్కడ నిలబడితే వెలుగుతాడో కనిపెట్టడం.

చివరి రోజులు

జకార్తా నుంచి వచ్చాక రహీం ఆరోగ్యం వేగంగా క్షీణించింది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు మాత్రమే. బంగారు పతకం తెచ్చి ఏడాది కూడా నిండలేదు.

కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మన దేశంలో 1985లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. చాలాకాలం ఆయన పేరు పాత ఆటగాళ్ల కబుర్లలోనే మిగిలిపోయింది. 2024లో ఆయన జీవితం మీద హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చింది. అజయ్ దేవగన్ రహీం పాత్ర వేశారు. అది చూశాకే చాలామందికి ఇలాంటి మనిషి ఒకరు మన హైదరాబాద్‌లో ఉండేవారని తెలిసింది. సినిమా కాబట్టి అందులో కల్పన ఉంటుంది. కానీ జకార్తా బంగారం కల్పన కాదు.

ఆయన తర్వాత ఏమైంది?

ఇది చేదు నిజం. 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్లీ బంగారు పతకం రాలేదు. 1970లో ఒక కాంస్యం వచ్చింది, అంతే. 1960 తర్వాత ఒలింపిక్స్‌కు మన ఫుట్‌బాల్ జట్టు వెళ్లలేదు. సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో ఒకసారి గెలిచింది. ఆ తర్వాత మన వైపు ఆ వెలుగు మసకబారింది.

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. మంచి ఆటగాళ్లు ఎక్కువ డబ్బు కోసం కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. బయటి దేశాల్లో 90 నిమిషాలు ఆడుతుంటే మన దేశంలో చాలాకాలం 70 నిమిషాల ఆటలే నడిచాయి. క్రికెట్ మోజు పెరిగింది. కానీ నాకు అన్నిటికంటే పెద్ద కారణంగా తోచేది వేరే ఉంది. రహీం సాబ్ చేసిన పనిని ఒక వ్యవస్థగా ఎవరూ నిలబెట్టలేదు. ఎడమకాలి పోటీలు, పొట్టి కుర్రాళ్ల పోటీలు, అద్దె సైకిలు డబ్బులు, ఇవన్నీ ఒక మనిషి మంచితనం మీద నడిచాయి. ఆ మనిషి పోగానే ఆగిపోయాయి. ఒక్కరి మీద ఆధారపడ్డ వెలుగు ఆ ఒక్కరితోనే ఆరిపోతుంది.

మన హాస్టల్ పిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. మంచి వార్డెన్ గారు వస్తే ఆ రెండేళ్లు అన్నీ బాగుంటాయి. ఆయన బదిలీ మీద వెళ్లిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీ చదివినవాణ్ణి. నా వెనక ఒకరు కాదు, చాలామంది ఉన్నారు. ఫారం నింపడం నేర్పినవారు, ఆఖరి తేదీ గుర్తుచేసినవారు, బస్సు చార్జీ చేతిలో పెట్టినవారు. వాళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా నా చదువు మధ్యలో ఆగేది. అందుకే రహీం సాబ్ జీవితం చదివినప్పుడు నాకు బంగారు పతకం కంటే ఆ అద్దె సైకిలే ఎక్కువగా గుర్తుండిపోయింది.

మనం ఏం నేర్చుకోవాలి?

మొదటిది. మనకు లేనివాటి జాబితా పెద్దదే. బూట్లు లేవు, గ్రౌండు చదునుగా లేదు, కోచ్ లేడు. వాటిని అడగాలి, పోరాడి తెచ్చుకోవాలి, అది మన హక్కు. కానీ అవి వచ్చేదాకా ఆగకూడదు. పాస్ ఇవ్వడానికి బూట్లు అక్కర్లేదు.

రెండోది. బలహీనమైన కాలితోనే సాధన చేయాలి. మనలో ఒకరికి ఇంగ్లీషు ఎడమకాలు, ఇంకొకరికి లెక్కలు ఎడమకాలు. కుడికాలితో తన్నడం ఎవరైనా చేస్తారు. ఎదుటివాడు కుడికాలికి అడ్డం వచ్చినప్పుడు ఎడమకాలే మనల్ని గట్టెక్కిస్తుంది.

మూడోది. ఓడిపోయినప్పుడు లెక్క చూసుకోవాలి. 10-1 నుంచి 4-1కి రావడానికి రహీం జట్టుకు నాలుగేళ్లు పట్టింది. పోటీ పరీక్షలో ఒకసారి తప్పితే జీవితం అయిపోయిందనుకునే తమ్ముళ్లు ఈ అంకెలు గోడ మీద రాసుకోవాలి.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. మీరు పెద్ద తరగతికి వచ్చాక చిన్నవాళ్లను చూడండి. మీ పక్కన మంచం మీద పడుకునే ఐదో తరగతి పిల్లవాడిలో ఏముందో మీకంటే ముందు ఎవరికీ తెలియదు. వాడికి ఒక అద్దె సైకిలు కావాలేమో. అది నోటుపుస్తకం కావచ్చు, గంటసేపు చెప్పే లెక్కల పాఠం కావచ్చు, ఆటలో ఇచ్చే ఒక్క పాస్ కావచ్చు.

చివరగా నాదొక చిన్న ప్రతిపాదన. మన వార్షికోత్సవ ఆటల పోటీల్లో కబడ్డీ, వాలీబాల్ ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఏటా ఒక ఎడమకాలి ఫుట్‌బాల్ పోటీ, ఒక పొట్టి కుర్రాళ్ల పోటీ కూడా పెట్టుకుందాం. కావలసింది ఒక బంతి, ఒక విజిల్. ఆటకు రెండువైపులా నాలుగు రాళ్లు పెడితే గోల్ పోస్టులు అవుతాయి. ఎవరు వార్డెన్‌గా ఉన్నా, ఎవరు బదిలీ అయినా, ఈ పోటీ మాత్రం ఆగకుండా పెద్ద తరగతి వాళ్లు తర్వాతి తరగతి వాళ్లకు అప్పగిస్తూ పోవాలి. ఒక మనిషితో ఆగిపోయినదాన్ని పదిమందిమి కలిసి నడిపిద్దాం.

అమ్ముగూడ కుర్రాణ్ణి సైకిలెక్కించి ఒలింపిక్స్ దాకా పంపిన మన హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీంకు జోహార్లు!

- పూర్వ విద్యార్థి, పి.జి., కల్లూరు